నీటికి దారి చూపిన ఇంజనీరు

జోరువాన కురిసినప్పుడు మీ వీధి మురుగుకాలువను గమనించారా? అది కలిసే వాగో, నదో నిండితే మురుగు ముందుకు పోదు. వెనక్కి తన్ని ఇళ్ళలోకి వస్తుంది. ఇటువంటి చిక్కులను తీర్చడానికి పాటుపడిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య గురించి ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఆయన 1860 సెప్టెంబరు 15న నేటి కర్ణాటకలోని ముద్దెనహళ్ళిలో ఒక తెలుగు కుటుంబంలో జన్మించారు. ఆయన ఇంటిపేరు గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం గ్రామం పేరే. చిన్నతనంలోనే తండ్రి చనిపోయారు. పిల్లలకు పాఠాలు చెప్పి సంపాదించుకుంటూ బెంగుళూరులో చదువుకున్నారు. తరువాత పూనాలో ఇంజనీరింగు పూర్తిచేసి, 1884లో బొంబాయి ప్రభుత్వ ఉద్యోగంలో చేరారు.

1890లలో ఆయన కొంతకాలం సూరత్‌లో ఇంజనీరుగా పనిచేశారు. సూరత్ తాపీ నది ఒడ్డున, సముద్రానికి దగ్గరలో ఉంది. నదికి వరద, సముద్రానికి పోటు ఒకేసారి వస్తే అక్కడ నీరు దిగే దారి ఉండదు. 1906లో సముద్రపు ఒడ్డునున్న ఏడెన్ పట్టణానికి మంచినీటి, మురుగునీటి పథకాలు తయారుచేశారు.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచింది. వేలాదిమంది చనిపోయారు. నిజాం ప్రభుత్వం 1909లో విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన రెండు పనులు సూచించారు. మొదటిది, నగరానికి ఎగువన జలాశయాలు కట్టి వరదను ఆపడం. రెండవది, మురుగును భూగర్భ కాలువల ద్వారా ఊరికి దూరంగా తీసుకుపోవడం. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఆ సూచనల ఫలితమే. వరద, మురుగు వేరువేరు సమస్యలు కావని ఆయన గ్రహించారు. ఒకదాన్ని వదిలేస్తే రెండవది ఆగదు.

తరువాత ఆయన మైసూరు దివానుగా పనిచేశారు. 1955లో భారతరత్న అందుకున్నారు. 1962లో, నూరేళ్ళు దాటిన వయసులో కన్నుమూశారు.

ఇక మళ్ళీ సూరత్‌ను చూడండి. తాపీపై 1972లో ఉకాయి ఆనకట్ట పూర్తయింది. అయినా 2006 ఆగస్టులో ఆ జలాశయం నుంచి వదిలిన వరదకు నగరంలో చాలా భాగం మునిగింది. అంటే ఎగువన జలాశయం ఒక్కటే చాలదు. సూరత్‌లో కాలువలు నదిలో కలిసేచోట తలుపులు ఉన్నాయి. నది పెరిగితే వాటిని మూస్తారు. అప్పుడు ఊళ్ళో పడిన వాన బయటకు పోదు కాబట్టి పంపులతో తోడాలి. తలుపు సమయానికి మూయకపోయినా, పంపు ఆగినా నష్టపోయేది పల్లపు వీధుల ప్రజలే.

ఆలోచించండి:
1. సూరత్‌లో కాలువ తలుపు మూసినప్పుడు పంపు ఎందుకు అవసరం?
2. మీ వీధి మురుగు చివరకు ఎక్కడ కలుస్తుంది? వెళ్ళి చూసి రాయండి.