ఆలిస్ మెనెల్: రాసింది కవిత్వం.. ఇల్లు గడిచింది పత్రికలతో!

ఇంటి నిండా పిల్లలు, టేబుల్ నిండా ప్రూఫులు.. మధ్యలో కవిత్వం. ఆలిస్ మెనెల్ 1847లో లండన్ దగ్గర బార్న్స్‌లో పుట్టారు. యవ్వనంలోనే క్యాథలిక్ మతంలో చేరారు. 1875లో తొలి పుస్తకం 'ప్రిల్యూడ్స్' వచ్చింది. బొమ్మలు వేసింది అక్క ఎలిజబెత్. రస్కిన్ అంతటి విమర్శకుడు మెచ్చుకున్నారు.

1877లో జర్నలిస్ట్ విల్‌ఫ్రిడ్ మెనెల్‌తో పెళ్లి. ఎనిమిది మంది పిల్లలు పుట్టారు. భార్యాభర్తలిద్దరూ కలిసి పత్రికలు నడిపారు. సంపాదన కోసం ఆలిస్ వ్యాసాలు రాస్తూనే పోయారు. రెండో కవితల పుస్తకానికి 18 ఏళ్లు పట్టింది. అందులోనూ ఎక్కువ పాతవే!

వాళ్ల 'మెర్రీ ఇంగ్లాండ్' పత్రికకు ఓసారి మాసిపోయిన కాగితాల మీద కవితలొచ్చాయి. పంపింది ఫ్రాన్సిస్ థాంప్సన్. నల్లమందుకు అలవాటుపడి లండన్ వీధుల్లో తిరుగుతున్న మనిషి. 1888లో ఆయన కవిత అచ్చేశారు. మనిషిని వెతికి పట్టుకుని వైద్యం చేయించారు. థాంప్సన్ పెద్ద కవి అయ్యాడంటే ఆ ఇంటి చలవే.

మహిళల ఓటు హక్కు కోసం కూడా ఆలిస్ పోరాడారు. 1918లో 30 ఏళ్లు దాటిన కొందరు మహిళలకు ఓటు రావడం కళ్లారా చూశారు. 1922 నవంబర్‌లో కన్నుమూశారు.

బ్రిటన్ ఆస్థాన కవి పదవికి 1895లోనే ఆమె పేరు వినిపించింది. హైదరాబాద్ అమ్మాయి సరోజిని చదువు కోసం ఇంగ్లండ్ వెళ్లిన ఏడాది అది. పదవి మాత్రం ఆల్ఫ్రెడ్ ఆస్టిన్‌కు ఇచ్చారు. ఓ మహిళకు అది దక్కింది 2009లో, కరోల్ ఆన్ డఫీకి.