పేదరికానికి లెక్క కట్టించిన సంపన్నుడు సర్ రతన్ టాటా

గోల్‌మురి (జంషెడ్‌పుర్‌): తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన ఉక్కు పట్టణం జంషెడ్‌పుర్‌లో టాటాల పేరు వినిపించని వీధి ఉండదు. అయితే రతన్ టాటా అనగానే 2024లో కన్నుమూసిన పారిశ్రామికవేత్తే అందరికీ స్ఫురిస్తారు. అదే పేరుతో అంతకు శతాబ్దం ముందు జీవించిన మరొకరు ఉన్నారు. జంషెడ్జీ టాటా చిన్న కుమారుడైన ఆ సర్ రతన్ టాటా ధనంతోనే సమాజాన్ని శాస్త్రీయంగా పరిశోధించే పద్ధతులు లండన్‌లో విశ్వవిద్యాలయ స్థాయిలో వేళ్లూనుకున్నాయి.

రతన్ 1871 జనవరి 20న బొంబాయిలో జన్మించారు. సెయింట్ జేవియర్ కళాశాలలో చదివారు. నవాజ్‌బాయిని వివాహమాడారు; వారికి సంతానం లేదు. తండ్రి కలలుగన్న ఉక్కు కర్మాగారం భారం ప్రధానంగా అన్న దొరాబ్జీపై పడగా, తమ్ముడి మనసు కళాఖండాల సేకరణ, దానధర్మాల వైపు మొగ్గింది. దక్షిణాఫ్రికాలో గాంధీజీ సాగించిన పోరాటానికి ఆయన విడతలుగా 1,25,000 రూపాయలు పంపారు. గోఖలే నెలకొల్పిన భారత సేవక సమాజానికి ఏటా 10,000 రూపాయలు ఇచ్చారు. పాటలీపుత్ర తవ్వకాల ఖర్చునూ భరించారు.

వీటన్నిటికంటే విలక్షణమైన దానం 1912 నాటిది. అప్పటికి సంపన్నుల దానమంటే సత్రం, ఆసుపత్రి, అన్నదానం. రతన్ మాత్రం పేదరికం ఎందుకు కలుగుతుందో, దాన్ని ఎలా నివారించాలో తేల్చే పరిశోధనకు డబ్బు ఇవ్వదలిచారు. లండన్ విశ్వవిద్యాలయంలో భాగమైన లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు ఏటా 1,400 పౌండ్ల చొప్పున మూడేళ్లపాటు అందించేందుకు అంగీకరించారు. ఆ ఏడాదే అక్కడ సాంఘిక శాస్త్ర శాఖ ఆరంభమైంది. ఇ.జె. అర్విక్ దానికి నాయకత్వం వహించారు. రతన్ టాటా ఫౌండేషన్ పరిశోధనలకు ఆర్.హెచ్. టానీ 1913లో సంచాలకుడయ్యారు. ఆ శాఖలో పాఠాలు చెప్పిన యువకుల్లో క్లెమెంట్ అట్లీ ఒకరు. భారతదేశానికి స్వాతంత్ర్యం వచ్చిననాటి బ్రిటిష్ ప్రధాని ఆయనే.

టానీ గొలుసుల తయారీ, దర్జీ పనుల్లో కనీస వేతనాల ఫలితాలను పరిశీలించారు. ఫౌండేషన్ పక్షాన 1915లో వెలువడిన మరో గ్రంథం మరింత ముఖ్యమైనది. గణాంకవేత్త ఎ.ఎల్. బౌలీ, ఎ.ఆర్. బర్నెట్-హర్స్ట్ నాలుగు ఆంగ్ల పట్టణాల్లో కార్మిక కుటుంబాల బతుకును అందులో కొలిచారు. అంతకుముందు యార్క్‌లో రౌంట్రీ చేసినట్లు ఇంటింటికీ తిరగడం వ్యయప్రయాసలతో కూడిన పని. బౌలీ జాబితా నుంచి నిర్ణీత అంతరంలో, సుమారు ఇరవై ఇళ్లకు ఒకటి చొప్పున ఎంచుకున్నారు. ఎంపికైన ఇంట్లో వివరాలు దొరకలేదని పక్కింటికి వెళ్లడాన్ని ఆయన అంగీకరించలేదు. అలా చేస్తే, సులభంగా దొరికే వారి కథే లెక్కకెక్కుతుంది. నేటి అనేక నమూనా సర్వేలకు ఈ క్రమశిక్షణే పునాది.

ఆ లెక్కల్లో తేలిన విషయం యజమానులకు రుచించేది కాదు. పేదరికానికి సోమరితనమో తాగుడో కారణమన్న నమ్మకం వీగిపోయింది. కుటుంబ పెద్దకు నిత్యం పని ఉన్నా చాలీచాలని జీతమే ప్రధాన కారణమని స్పష్టమైంది. ఒక పారిశ్రామిక కుటుంబం సొమ్ముతో ఈ సత్యం బయటపడడం విశేషమే. అది ఏ మిల్లుకైనా వర్తించేదే.

1916లో సర్ బిరుదు పొందిన రతన్, 1918 సెప్టెంబర్ 5న ఇంగ్లండ్‌లోని సెయింట్ ఐవ్స్‌లో మరణించారు. బ్రూక్‌వుడ్ శ్మశానంలో తండ్రి సమాధి చెంతనే ఆయనను ఖననం చేశారు. వయసు 47 ఏళ్లే. మరుసటి ఏడాది ఆయన పేరిట ట్రస్టు ఏర్పడింది. నవాజ్‌బాయి దత్తత తీసుకున్న నవల్ కుమారుడే మన కాలపు రతన్ టాటా.

సాక్చీకి జంషెడ్‌పుర్ అన్న పేరు వచ్చింది కూడా 1919లోనే. కిరసనాయిలు డబ్బాలకు కావలసిన తగరపు రేకుల కర్మాగారం గోల్‌మురిలో 1922లో ఉత్పత్తి మొదలుపెట్టింది. 1929లో అక్కడి కార్మికులు నెలల తరబడి సమ్మె చేశారు. బర్నెట్-హర్స్ట్ ఆలోగా భారతదేశానికి వచ్చి అలహాబాద్‌లో ఆచార్యుడయ్యారు. బొంబాయి కార్మికుల కూలీ, నివాసాలపై ఆయన రాసిన గ్రంథం 1925లో వెలువడింది. రతన్ పుట్టిన నగరానికే ఆ పరిశోధన పద్ధతి అలా చేరింది.