ప్రాణవాయువు - ఆయుర్దాయము : జోసెఫ్ ప్రీస్ట్లీ జీవితము

తెలుగు శాస్త్రగ్రంథాలలో ఆక్సిజన్‌కు రెండు పేర్లు కనిపిస్తాయి. ఒకటి ప్రాణవాయువు, రెండవది ఆమ్లజని. మొదటి పేరు దాని ఉపకారాన్ని చాటుతుంది. రెండవ పేరు ఒక పొరపాటును వెంటబెట్టుకొని మన భాషలోనికి వచ్చినది. ఆ ముచ్చట తరువాత మనవి చేస్తాము. మనలను బ్రతికిస్తున్న ఈ వాయువే, బ్రతికించే ఆ పనిలోనే, మన దేహానికి కొంత నష్టము కూడ కలిగిస్తున్నదని ఇరువదవ శతాబ్దపు జీవశాస్త్రం కనుగొన్నది. ఇనుము తుప్పుపట్టడం, కోసిపెట్టిన వంకాయ ముక్క నల్లబడడం, నిలువ నూనె కంపుకొట్టడం, ఇవన్నీ ఆక్సీకరణము అనే ఒకే చర్యకు రూపాంతరాలు. ఆ చర్య మన కణాలలోను నిత్యము జరుగుతున్నది. ఈ వాయువు మన ఆయువును త్వరగా ఖర్చు చేయవచ్చునన్న శంక ఎవరికి మొదట కలిగినదని వెదుకుతూ పోతే 1775వ సంవత్సరం దాకా, ఇంగ్లండు దేశపు ఒక మతబోధకుని దాకా పోవలసి వస్తుంది. మేము రసాయనశాస్త్రం బోధించువారము కాము, తెలుగు చెప్పుకొనువారము. అయినను ఈ మహనీయుని కథ ప్రయోగశాలలో అడుగుపెట్టని విద్యార్థులకు కూడ రుచించునని తలచి వ్రాస్తున్నాము.

జోసెఫ్ ప్రీస్ట్లీ 1733 మార్చిలో, యార్క్‌షైర్ ప్రాంతంలోని లీడ్స్ పట్టణానికి సమీపాన జన్మించినాడు. తండ్రి ఉన్నిబట్టలకు మెరుగుపెట్టే పనివాడు. తల్లి చిన్ననాడే గతించగా మేనత్త ఇంట పెరిగినాడు. యౌవనారంభంలో క్షయవ్యాధి సోకినదేమోనని భయపడవలసినంత జబ్బుచేసినది. దానికి తోడు నత్తి. మతబోధకుడు కాగోరిన బాలునికి ఇంతకంటె పెద్ద ఆటంకము మరొకటి ఉండదు. అయినను లాటిన్, గ్రీకు, హీబ్రూ భాషలు అభ్యసించినాడు. అరబ్బీలో కూడ కొంత ప్రవేశము సంపాదించినాడంటే మా కళాశాల ఉర్దూ విభాగమువారు సంతోషిస్తారు.

ఆయన కుటుంబము రాజ్యమతమైన ఆంగ్లికన్ చర్చికి లోబడని డిసెంటర్ల తెగకు చెందినది. ఆనాడు ఆక్స్‌ఫర్డులో చేరడానికే, కేంబ్రిడ్జిలో పట్టా పుచ్చుకోవడానికి, ఆ చర్చి సిద్ధాంతాలకు సమ్మతి తెలుపుతూ సంతకము చేయవలసి ఉండినది. అది చేయలేనివారు తమ పిల్లల కొరకు తామే విద్యాలయాలు స్థాపించుకున్నారు. అటువంటి డావెంట్రీ విద్యాలయంలో ప్రీస్ట్లీ 1752లో చేరినాడు. ఏ ప్రశ్ననైనను ఇరుపక్షాలనుండి వాదించి చూడడము అక్కడి బోధనాపద్ధతి. పెద్ద విశ్వవిద్యాలయాలు తలుపులు మూసినందువల్లనే ఆ చిన్న విద్యాలయాలలో ఆధునిక చరిత్రకు, ప్రకృతిశాస్త్రాలకు ఎక్కువ చోటు దొరికినది. అల్పసంఖ్యాకుల కళాశాలను నడుపుతున్న మా కార్యవర్గ సభ్యులకు ఈ విషయము విప్పి చెప్పనవసరము లేదు.

తరువాతి పదునైదేండ్లు క్లుప్తంగా చెప్పుకోవచ్చును. నీడమ్ మార్కెట్ అనే ఊరి ప్రజలకు ఆయన నత్తి గాని, మతవిషయంలో ఆయన స్వతంత్ర భావాలు గాని నచ్చలేదు. జీతము కూడ పూర్తిగా ముట్టలేదు. నాంట్‌విచ్‌లో బడి పెట్టి కొంత కుదుటపడినాడు. 1761లో వారింగ్టన్ విద్యాలయంలో భాషల అధ్యాపకుడైనాడు. మరుసటి ఏట మేరీ విల్కిన్సన్‌ను వివాహమాడినాడు. లండనులో బెంజమిన్ ఫ్రాంక్లిన్ పరిచయము కలిగి, ఆయన ప్రోత్సాహంతో విద్యుచ్ఛక్తి చరిత్రను 1767లో గ్రంథంగా వెలువరించినాడు. భాషలు బోధించే అధ్యాపకుడు విజ్ఞానశాస్త్ర గ్రంథము వ్రాసినాడన్న మాట, ఒప్పుకుంటాము, ఈ వ్యాసము వ్రాయడానికి మాకు ధైర్యమిచ్చినది.

1767లో లీడ్స్‌లోని మిల్‌హిల్ ప్రార్థనామందిరానికి బోధకుడుగా వచ్చినాడు. ఆయన ఇంటి ప్రక్కనే బీరు కాచే కర్మాగారము ఉండినది. పులిసే తొట్ల పైన నిలిచే బరువైన వాయువులో కొవ్వొత్తి ఆరిపోవడము గమనించి, ఆ వాయువును నీటిలో కలిపి చూచినాడు. వేసవిలో మనము పుచ్చుకొనే సోడాకు మూలము అదే. 1771 ఆగస్టులో మరొక ప్రయోగము చేసినాడు. కొవ్వొత్తి మండి ఆరిపోయిన గాలిలో ఒక పుదీనా కొమ్మను ఉంచినాడు. కొన్నాళ్ల తరువాత ఆ గాలిలోనే కొవ్వొత్తి మరల వెలిగినది. జంతువులు చెడగొట్టిన గాలిని మొక్కలు బాగుచేస్తున్నవని లోకానికి తెలిపినది మన వంటింటి పుదీనాయే.

1773లో షెల్‌బర్న్ ప్రభువు వద్ద గ్రంథాలయాధికారిగా కుదిరినాడు. 1774 ఆగస్టు 1వ తేదీన, పన్నెండు అంగుళాల వ్యాసము గల భూతద్దంతో సూర్యకిరణాలను ఎర్రని పాదరసభస్మము పైకి మళ్లించి, వెలువడిన వాయువును పట్టినాడు. దానిలో కొవ్వొత్తి అసాధారణమైన కాంతితో మండినది. స్వీడను దేశపు షీలే అంతకుముందే ఈ వాయువును తయారుచేసినా ఆయన గ్రంథము 1777 దాకా అచ్చు కాలేదు. 1775 మార్చిలో ప్రీస్ట్లీ ఒక ఎలుకను ఆ వాయువుగల పాత్రలో విడిచినాడు. అంతే పరిమాణము గల మామూలు గాలిలోనైతే అది పావుగంటకు మించి బ్రతకదని ఆయన లెక్క. ఇది అరగంట నిలిచినది. చచ్చినట్లు కనిపించినా బయటకు తీసి వెచ్చజేయగా మరల కదలినది. ఆపైన తానే పీల్చి చూచి, గుండె తేలికపడినట్లు గుర్తించినాడు. ముందుముందు వ్యాధిగ్రస్తులకు ఈ వాయువు ఔషధము కాగలదని కూడ ఊహించినాడు.

మరొకడైతే అక్కడ సంతోషించి ఊరకుండేవాడు. ప్రీస్ట్లీ ఆగలేదు. ఈ గాలిలో కొవ్వొత్తి ఎక్కువ వెలుగుతో మండుతున్నది, నిజమే. కాని అంత త్వరగా కరిగిపోతున్నది కూడ. అట్లే ఆరోగ్యవంతుడు దీనినే పీల్చి జీవిస్తే అతని జీవశక్తి కూడ త్వరగా ఖర్చైపోదా అని ఆయన ప్రశ్నించుకున్నాడు. అదే సంవత్సరము అచ్చయిన తన గ్రంథంలో ఆ శంకను దాచకుండ వ్రాసినాడు. కొత్త వస్తువును కనుగొన్నవాడే దాని కీడును గురించి మొదట అనుమానించడము శాస్త్రచరిత్రలో అరుదు. ఆయన కీర్తికి ఎలుక కథకంటె ఈ శంకయే ఎక్కువ ఆధారమని మా అభిప్రాయము.

ఆ శంకకు సాక్ష్యము దొరకడానికి నూటడెబ్బది సంవత్సరాలకు పైగా పట్టినది, దొరికిన తీరు విషాదకరము. 1940లలో నెలలు నిండక పుట్టిన శిశువులను ఆక్సిజన్ ధారాళంగా అందించి కాపాడేవారు. ప్రాణాలు దక్కినవి గాని అనేకులకు చూపు పోయినది. 1951లో మెల్‌బోర్న్ నగరపు వైద్యురాలు కేట్ కాంప్‌బెల్ ఆక్సిజన్ ఆధిక్యమే దీనికి కారణము కావచ్చునని సూచించినది. తరువాతి పరీక్షలు దానిని నిర్ధారించినవి. అప్పటికి లోకంలో సుమారు పదివేలమంది పసివారు అంధులైనారని అంచనా.

1954లో రెబెకా గెర్ష్‌మాన్ అనే శాస్త్రవేత్త తన సహచరులతో కలిసి, అధిక ఆక్సిజన్ చేసే హాని, ఎక్స్ కిరణాలు చేసే హాని ఒకే మూలము గలవని ప్రతిపాదించినది. ఆ మూలము జతలేని ఎలక్ట్రాను గల అణువులు, అనగా ఫ్రీ రాడికల్స్. 1956లో డెన్హమ్ హార్మన్ మరొక అడుగు వేసి, వార్ధక్యమే ఈ అణువుల వల్ల కలుగుతున్నదన్నాడు. కణంలోని మైటోకాండ్రియాలు ఆహారంలోని శక్తిని వెలికితీసేటప్పుడు ఎలక్ట్రానులు చేతులు మారుతూ చివరకు ఆక్సిజన్‌ను చేరి నీరు ఏర్పడుతుంది. దారిలో కొన్ని జారిపోయి ముందుగానే ఆక్సిజన్‌తో కలిసినప్పుడు సూపరాక్సైడు పుడుతుంది. దానినుండి పుట్టుకొచ్చే ఇతర అణువులు కొవ్వులను, మాంసకృత్తులను, వంశసూత్రమైన డి.ఎన్.ఏ.ను కూడ గాయపరుస్తాయి. ధమనుల గోడలలో ఆక్సీకరణము చెందిన కొవ్వు పేరుకొని గుండెజబ్బుకు దారితీయడము, కంటి కటకంలోని మాంసకృత్తులు చెడి శుక్లము ఏర్పడడము ఈ కోవలోనివే. శరీరము కూడ ఊరకుండదు. సూపరాక్సైడును నిర్వీర్యము చేసే ఎంజైమును 1969లో మెకార్డ్, ఫ్రిడోవిచ్ కనుగొన్నారు. ఈ దాడి రక్షణశక్తిని మించిన స్థితికే 1985 నుండి ఆక్సీకరణ ఒత్తిడి అన్న పేరు స్థిరపడినది.

ఇంతవరకు ప్రీస్ట్లీ కొవ్వొత్తి సరిగానే వెలిగినది. కాని కొవ్వొత్తికి తన్ను తాను మరమ్మతు చేసుకొనే శక్తి లేదు, దేహానికి కలదు. తెల్లరక్తకణాలు సూక్ష్మక్రిములను చంపడానికి సూపరాక్సైడునే ఆయుధంగా వాడుకుంటాయి. ఆఫ్రికాలో నేలబొరియలలో ఉండే రోమరహితమైన ఒక జాతి ఎలుక కణాలలో ఆక్సీకరణ నష్టము అధికంగానే కనిపిస్తుంది, అయినను అది ముప్పది ఏండ్లు దాటి బ్రతుకుతుంది. మామూలు చిట్టెలుక ఆయువు మూడేండ్లు. ఆక్సీకరణాన్ని అడ్డగించే బిళ్లలు మ్రింగితే ఆయువు పెరుగుననుకొన్నవారికి ఫిన్లాండు దేశంలో గట్టి దెబ్బ తగిలినది. పొగత్రాగే 29 వేలకు పైబడిన పురుషులపై జరిపిన పరీక్షలో, బీటా కెరోటీన్ బిళ్లలు పుచ్చుకొన్నవారికి ఊపిరితిత్తుల కాన్సరు 18 శాతము ఎక్కువగా వచ్చినదని 1994లో తేలినది. ఆక్సీకరణ ఒత్తిడి వార్ధక్యానికి ఎంతవరకు కారణము, ఎంతవరకు ఫలితము అన్న వివాదము ఇంకను తెగలేదు. అంగడిలో బిళ్లల సీసాలు మాత్రము ఆ వివాదముతో నిమిత్తము లేకుండ అమ్ముడుపోతున్నవి.

ఇక ప్రీస్ట్లీ వద్దకు మరలుదాము. మండే వస్తువులోనుండి ఫ్లోజిస్టాన్ అనే పదార్థము వెలికి పోవునని ఆనాటి పండితుల నమ్మకము. తాను పట్టిన వాయువు ఫ్లోజిస్టాన్ లేని గాలియేనని ఆయన భావించినాడు. 1774 అక్టోబరులో పారిస్‌లో ఒక విందులో తన ప్రయోగాన్ని ఏ దాపరికము లేకుండ లవాజియేకు వివరించినాడు. లవాజియే ఆ ప్రయోగాలను మరల చేసి, మండడమంటే గాలిలోని ఈ వాయువుతో కలియడమేనని తేల్చినాడు. లాప్లాస్‌తో కలిసి గినీపిగ్‌ను మంచుగడ్డల నడుమ ఉంచి, కరిగిన మంచును తూచి, శ్వాసక్రియ కూడ ఒక మందమైన దహనమేనని చూపినాడు. వాదంలో గెలుపు లవాజియేది. అయితే ఆమ్లాలన్నింటిలో ఈ వాయువు ఉండునని పొరబడి, ఆమ్లాన్ని పుట్టించునది అనే అర్థం వచ్చే పేరు పెట్టినాడు. హైడ్రోక్లోరికామ్లంలో ఆక్సిజన్ లేదని 1810లో డేవీ తేల్చినా పేరు మారలేదు. మన ఆమ్లజని ఆ పేరుకు అనువాదమే.

1780 నుండి ప్రీస్ట్లీ బర్మింగ్‌హామ్‌లో ఉన్నాడు. జేమ్స్ వాట్ వంటి మిత్రులతో గడపిన ఆ కాలమే తన జీవితంలో మిక్కిలి సుఖమైనదని భావించినాడు. డిసెంటర్లకు సమానహక్కులు కోరుతూ, ఫ్రెంచి విప్లవాన్ని సమర్థిస్తూ వ్రాసిన వ్రాతలు ఆయనకు శత్రువులను పెంచినవి. 1791 జూలై 14న, బాస్టీలు పతనానికి రెండేండ్లు నిండిన దినాన, నగరంలో విందు జరిగినది. ఆయన ఆ విందుకు పోనేలేదు. అయినను అల్లరిమూక ప్రార్థనామందిరాలను తగులబెట్టి ఆయన ఇంటి మీదికి వచ్చినది. దంపతులు అంతకుముందే తప్పించుకున్నారు. కుమారుడు ఇంటిలోని నిప్పంతా ఆర్పివేసినందున మూకకు నిప్పు దొరకలేదు. వెలుగుతున్న ఒక్క కొవ్వొత్తికి రెండు గినీలు ఇస్తామని ఎవరో కేకవేయడము దూరాన మిట్టపై నిలిచిన ప్రీస్ట్లీకి వినిపించినది. ఆయన విద్యుత్ యంత్రంనుండే నిప్పురవ్వ పుట్టించాలని కూడ వారు ప్రయత్నించి విఫలులైనారట. చివరకు ఎట్లో నిప్పు సంపాదించినారు. గ్రంథాలయము, వ్రాతప్రతులు, ప్రయోగశాల అన్నీ నాశనమైనవి. కొవ్వొత్తి మంటను అంత శ్రద్ధతో పరిశీలించిన మనిషికి జరిగిన ఈ అన్యాయాన్ని చదివినప్పుడు మాకు పుస్తకము మూసి కొంతసేపు ఊరకుండవలసి వచ్చినది.

1794 ఏప్రిల్‌లో అమెరికాకు ఓడ ఎక్కినాడు. ఆయన ఇంకను సముద్రం మీద ఉండగానే, మే 8న పారిస్‌లో లవాజియేను గిలొటిన్‌కు బలియిచ్చినారు. పెన్సిల్వేనియా రాష్ట్రంలోని నార్తంబర్లాండ్ గ్రామంలో ప్రీస్ట్లీ మరల ప్రయోగశాల అమర్చుకున్నాడు. అక్కడే 1795లో చిన్నకుమారుడు, 1796లో భార్య మరణించినారు. రసాయనశాస్త్రజ్ఞులలో దాదాపు అందరు విడిచిన ఫ్లోజిస్టాన్‌ను ఆయన మాత్రము విడువలేదు. 1800లో కూడ దానిని సమర్థిస్తూ గ్రంథము వెలువరించినాడు. ఇతరుల విశ్వాసాలను అంత నిర్భయంగా ప్రశ్నించినవాడు తన సిద్ధాంతాన్ని ప్రశ్నించుకోలేకపోవడము మాకు నేటికీ చిక్కు ప్రశ్నయే.

1804 ఫిబ్రవరి 6వ తేదీ ఉదయము పడక మీదనే ఉండి, తన చివరి రచనలో చేయవలసిన మార్పులు చెప్పి వ్రాయించినాడు. వ్రాసినది చదివించుకొని, సరిగానే ఉన్నదని, తన పని ముగిసినదని తెలిపినాడు. కొద్ది నిమిషాలలో శ్వాస ఆగినది. అప్పటికి ఆయన వయస్సు డెబ్బది సంవత్సరాలు.