దోమల గుట్టు తెలిపిన రోనాల్డ్ రాస్

వర్షర్తువు ప్రవేశించినతోడనే గోదావరీతీరమందలి నాందేడు మొదలు మన రాజధాని వరకు ఇంటింట జ్వరముల మాటయే వినవచ్చుచుండును. మలేరియా, డెంగీ, చికున్‌గున్యాలకు మూలము దోమకాటని నేడు బాలురకును తెలియును. కాని 1897 నాటికి చలిజ్వరము చెడుగాలివలన గలుగునని నమ్మువారే పెక్కురు. ఆ భ్రమను తొలగించిన పరిశోధన సికింద్రాబాదులో జరిగినది. నాందేడు నాడు నిజాము రాజ్యములోనిదే. కావున సర్ రోనాల్డ్ రాస్ చరిత్రము ఈ యుభయ ప్రాంతములవారికిని ఇంటి చరిత్రమువంటిది.

రాస్ 1857 మే 13వ తేదీన అల్మోరాలో ఒక సైనికోద్యోగికి జన్మించెను. లండనులో వైద్యవిద్య నభ్యసించి 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసున ప్రవేశించెను. 1883లో బెంగుళూరునందుండగా, తన కిటికీ చెంతనున్న తొట్టిలో దోమపిల్లలు పెరుగుట చూచి ఆ నీటిని పారబోయించెను. దోమలు తగ్గినవి. సైనిక భోజనశాలయందును అట్లే చేయవలసినదని సూచింపగా అచటి యధికారి సమ్మతింపలేదు.

1880లో లావెరాన్ రోగుల రక్తమున మలేరియా క్రిమిని కనుగొనెను. అది దోమద్వారా వ్యాపించునేమో యను పాట్రిక్ మాన్సన్ ఊహ 1894లో రాస్ మనస్సున నాటుకొన్నది. 1895లో సికింద్రాబాదు చేరి ఎన్నియో దోమలను కోసి చూచెను. అవి వేరుజాతివగుటచే ఫలము కలుగలేదు. తుదకు 1897 ఆగస్టు 20న, హుసేన్ ఖాన్ అను రోగిని కుట్టిన అనాఫిలీస్ దోమ పొట్టగోడలో ఆ క్రిమి కనబడెను. కూలికి దోమకాట్లు భరించిన ఆ రోగికిని ఈ కీర్తిలో భాగము కలదని మా యభిప్రాయము.

పిదప రాస్ 1898లో కలకత్తాయందు పక్షులలోని మలేరియా దోమకాటుతో వ్యాపించు విధమును సంపూర్ణముగా నిరూపించెను. మనుష్యుల విషయమున ఇటలీ శాస్త్రజ్ఞుడు గ్రాసీ మున్నగువారు ఆ యేటనే నిరూపించిరి. గ్రాసీతో రాస్ సాగించిన తీవ్రకలహము ఆయన గొప్పతనమునకు తగినది కాదు. 1902లో నోబెల్ బహుమానము పొంది, 1932 సెప్టెంబరు 16న లండనులో దివంగతుడయ్యెను.

బహుమానముతో ఆయన తృప్తినొందలేదు. నీరు నిలువనీయకుండుటయే ముఖ్యమని దేశదేశముల బోధించెను. ఆ బోధ నేటికిని చెల్లును. మలేరియా దోమ రాత్రివేళ కుట్టును. దోమతెర దానికి తగిన రక్ష. డెంగీ దోమ పగలు కుట్టును. ఇంటిలోని తొట్లు, కూలర్లు, పూలకుండ్లు, పెరటిలోని పాత టైర్లయందలి నీటిలో పెరుగును. గ్రుడ్డు దోమయగుటకు వారము పది దినములు చాలును. కావున వారమున కొకమారు పాత్రలను ఖాళీచేసి, తోమి, ఆరబెట్టవలయును; నీటితొట్లకు మూతలుంచవలయును. వెలుపలకు పోవునపుడు ఒడలు కప్పు దుస్తులు ధరింపవలయును, గుంటలను పూడ్పింపవలయును.

బేగంపేటలో రాస్ పేర పరిశోధనాలయమున్నది. ఆయన పేరును గౌరవించి, పెరటి తొట్టిని మరచుట బెంగుళూరు అధికారి యుపేక్షకు భిన్నము కాదు. పురపాలకసంఘములు మురుగుకాలువలను చూచుకొనవలసినదే. కాని గడపలోపలి నీరు గృహస్థుని బాధ్యత.