కడలి వన్నెను ప్రశ్నించిన రామన్

శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల ప్రాంతంనుండి సెలవుదినాలలో బుడగట్లపాలెం ఒడ్డుకు పోయే కుటుంబాలకు సముద్రం ఎప్పుడూ ఒకే వన్నెలో కనిపించదు. నాగావళి, వంశధారలకు వరదలు వచ్చిన రోజుల్లో ఒడ్డు చేరువనున్న నీరు మట్టిరంగు పట్టి, దూరాన మాత్రం నీలమై ఉంటుంది. అది చూచి, నీళ్లు నీలంగా ఎందుకున్నవని అడిగే పసివానికి పెద్దలు చెప్పే సమాధానం సాధారణంగా ఒక్కటే: పైనున్న ఆకాశపు నీడ నీటిలో పడుతున్నదని. ఇది సామాన్యుల మాట మాత్రమే కాదు. ఆంగ్లదేశపు మహాశాస్త్రవేత్త రాలే ప్రభువు అభిప్రాయమూ అదే. ఆ అభిప్రాయాన్ని సొంత కంటితో పరీక్షించి కాదన్న ధీశాలి, ఈ ఉత్తరాంధ్ర తీరంలోనే బాల్యం గడిపిన చంద్రశేఖర వెంకటరామన్.

రామన్ 1888 నవంబరు 7వ తేదీన తిరుచిరాపల్లిలో జన్మించారు. తండ్రి చంద్రశేఖర అయ్యర్ 1892లో విశాఖపట్నంలోని మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాలలో గణిత, భౌతికశాస్త్రాల ఉపన్యాసకులుగా చేరడంతో, కుటుంబం ఆ పట్టణానికి తరలివచ్చింది. అక్కడ కొండ, కడలి ఒకదానినొకటి ఒరసుకొని ఉంటవి. డాల్ఫిన్స్ నోస్ కొండ సముద్రంలోనికి చొచ్చుకొనిపోయి నిలిచింది. ఉత్తరంగా భీమునిపట్నం దాకా ఇసుకతిన్నెల నడుమ బండరాళ్లు అలల దెబ్బలకు నునుపు దేరి కనిపిస్తవి. నేడు విహారయాత్రికులు వెదకికొని వచ్చే ఈ తీరం, రామన్‌కు పదేండ్లపాటు ఇంటి పొరుగు. పదకొండేండ్ల ప్రాయంలోనే మెట్రిక్యులేషన్ గెలిచి, ఎఫ్.ఏ. కూడ ముగించి, ఆయన మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలకు వెళ్లారు.

పై చదువులకు ఆంగ్లదేశం పోవలసిన ఆ మేధావిని వైద్యులు ఆపివేశారు. ఆ బక్కపలుచని శరీరం అక్కడి శీతలానికి తట్టుకోలేదన్నారు. 1907లో ఎం.ఏ. పూర్తిచేసిన రామన్ ప్రభుత్వ ఆర్థికశాఖలో ఉద్యోగియై కలకత్తా చేరారు. పగలు కార్యాలయం, ఉదయ సాయంకాలాలు బౌబజారులోని భారతీయ విజ్ఞాన పరిషత్తు ప్రయోగశాల. ఇట్లు పదేండ్లు గడిచినవి. 1917లో కలకత్తా విశ్వవిద్యాలయం పాలిత్ ఆచార్యపదవికి పిలువగా, జీతం తగ్గుతుందని తెలిసియు ఆయన సర్కారు కొలువును వదలుకొన్నారు.

ఒకనాడు వైద్యులు వద్దన్న సముద్రయానం 1921లో సిద్ధించింది. ఆక్స్‌ఫర్డులో జరిగిన బ్రిటిష్ సామ్రాజ్య విశ్వవిద్యాలయాల మహాసభకు ప్రతినిధిగా రామన్ వెళ్లారు. మధ్యధరా సముద్రపు గాఢనీలిమ ఆయనను నిలువరించింది. తిరుగు ప్రయాణంలో నార్కుండా ఓడమీద తోడి ప్రయాణికులు విశ్రాంతి సుఖాలు అనుభవిస్తూ ఉంటే, ఆయన నికల్ పట్టకం చేతబట్టి కడలిని పరీక్షిస్తూ కూర్చున్నారు. నీటి ఉపరితలంనుండి ఒక నిర్దిష్టకోణంలో పరావర్తనం చెందిన వెలుగు ధ్రువితమై ఉంటుంది. పట్టకాన్ని తగిన తీరున త్రిప్పితే అది అణగిపోతుంది. నీలిమ కేవలం ఆకాశపు నీడయే ఐతే, అప్పుడు కడలి వన్నె మాసిపోవలె. కాని జరిగింది వేరు. పైమెరుగు తొలగిపోగా, లోపలినుండి నీలం మరింత నిండుగా వెలిగింది!

నీటి అణువులే వెలుగును చెదరగొట్టుతున్నవని రామన్ గ్రహించారు. ఓడ బొంబాయి రేవు చేరగానే, సెప్టెంబరు 26వ తేదీతో నేచర్ పత్రికకు లేఖ పంపారు. ఏ మహనీయుడు చెప్పినదైనా సరే, కన్ను కాదన్నప్పుడు కన్నునే నమ్మే సాహసం ఆ లేఖలో ఉన్నది. అట్లని ఆయన మాటయే తుదిమాట కాలేదు. నీరు ఎర్రని కిరణాలను తనలో ఇముడ్చుకొనడమే కడలి నీలిమకు ప్రధాన కారణమని నేటి శాస్త్రం చెబుతున్నది. అణువుల చెదరగొట్టుడు ఆ మిగిలిన నీలాన్ని పైకి మళ్లించి మన కంటికి చేరుస్తుంది. ఒకరి పరిశోధనను మరొకరు సవరించడమే శాస్త్రధర్మం. రాలేకు అది ఎట్లు వర్తించిందో రామన్‌కూ అట్లే వర్తించింది.

ఓడమీద మొదలైన అన్వేషణ కలకత్తాలో ఏడేండ్లు సాగింది. ద్రవాలలో చెదరిన వెలుగును శిష్యులతో కలిసి శోధిస్తూ, 1928 ఫిబ్రవరి 28వ తేదీన రామన్, కె. ఎస్. కృష్ణన్ తోడ్పాటుతో, తన పేర ప్రసిద్ధమైన ఫలితాన్ని కనుగొన్నారు. చెదరిన కాంతిలో అత్యల్పభాగం తన వన్నెనే మార్చుకొంటుందని అది నిరూపించింది. 1930లో నోబెల్ బహుమతి లభించింది. శిష్యులలో ఒకరైన ఆగిరిపల్లి వాస్తవ్యులు సూరి భగవంతం, అనంతరం వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర ఆచార్యులైనారు. గురువు బాల్యం గడిపిన తీరానికి ఆయన విద్య ఇట్లు శిష్యముఖంగా తిరిగివచ్చింది. రామన్ 1970 నవంబరు 21వ తేదీన బెంగుళూరులో కన్నుమూశారు.

విహారానికి పోయినవాడు కడలిని చూచి ఆనందించి మరలుతాడు. అందులో తప్పేమీ లేదు. రామన్ కూడ ముందు ఆనందించినవారే. ఐతే ఆ ఆనందంలోనుండి పుట్టిన ప్రశ్నను ఆయన ఓడమీదనే విడిచిపెట్టలేదు. బుడగట్లపాలెం ఒడ్డున పసివాడు వేసే ప్రశ్న ఆయన వేసినదే. దానిని విని నవ్వి ఊరుకొనక, ఆ బిడ్డతో కలిసి మరొకమారు నీటివంక చూడడమే పెద్దలు చేయదగిన పని.