ఈశ్వరచంద్ర విద్యాసాగర్: పసివాడి పాఠాన్ని తేలిక చేసిన పండితుడు

పాఠానికి ముందు

'పిల్లవాడు నడిచాడు', 'పిల్లవాడు నడుస్తున్నాడు'. ఇలాంటి వాక్యాలు మీరు రోజూ వాడతారు. రెండవ వాక్యాన్ని విడదీసి చూడండి. 'నడుస్తూ', 'ఉన్నాడు' అనే రెండు మాటలు అందులో కలిసి ఉన్నాయి. జరిగే పని ఏమిటో 'నడుచు' చెబుతుంది. ఆ పని ఇంకా సాగుతోందని 'ఉండు' చెబుతుంది. ఇలా ప్రధాన క్రియకు తోడుగా వచ్చే క్రియను సహాయక క్రియ అంటారు.

ఇది మీకు ఎవరూ నేర్పకుండానే మాటల్లో వచ్చింది. మరి అప్పుడే అక్షరాలు దిద్దుతున్న పసివాడికి బడిలో దీన్ని ఎలా పరిచయం చేయాలి? ముందు నియమం చెప్పాలా, ముందు వాక్యం చూపాలా? సుమారు 170 ఏళ్ల క్రితం బెంగాల్‌లో ఈ సమస్యకు దారి చూపిన వ్యక్తి జీవితాన్ని ఈ పాఠంలో తెలుసుకుందాం.

మైలురాళ్లే పలకలు

ఈశ్వరచంద్రుడు 1820 సెప్టెంబరు 26న, నేటి మేదినీపూర్ ప్రాంతంలోని బీర్‌సింహ గ్రామంలో ఒక పేద కుటుంబంలో పుట్టారు. తండ్రి ఠాకూర్‌దాస్ బందోపాధ్యాయ, తల్లి భగవతీదేవి. ఎనిమిదేళ్ల వయసులో తండ్రి వెంట కలకత్తాకు ప్రయాణమయ్యారు. దారిలో పాతిన మైలురాయిని చూసి, మసాలా నూరే సన్నికల్లు ఇక్కడెందుకుందని ఆశ్చర్యపోయారట. తండ్రి వివరించాక, నగరం చేరేలోపు ఆ రాళ్ల మీది ఇంగ్లీషు అంకెలన్నీ నేర్చుకున్నారు. నేర్చుకున్నాడో లేదో చూద్దామని తండ్రి 6వ రాయిని చూపకుండా దాటించారు. తరువాతి రాయి మీద 5 చూసి, ఇక్కడ 6 ఉండాలి కదా అని బాలుడు పట్టేశాడు. ఎవరూ వల్లె వేయించలేదు. కంటికి కనిపించిన వరుసే అతనికి పాఠమైంది.

వ్యాకరణం అనే గోడ

1829లో ఆయన కలకత్తా సంస్కృత కళాశాలలో చేరారు. అక్కడ పిల్లలకు ముందుగా నేర్పేది 'ముగ్ధబోధం' అనే వ్యాకరణం. అది సంస్కృతంలోనే ఉంది. అంటే, భాష రాని పిల్లవాడు ఆ భాషలోనే నియమాలు కంఠస్థం చేయాలి. ఏళ్లు గడిచినా అర్థం మాత్రం అందేది కాదు. ఈశ్వరచంద్రుడు ఆ కష్టం పడి చదివి, 'విద్యాసాగర్' బిరుదు పొందారు.

1851లో అదే కళాశాలకు ఆయన అధ్యక్షులయ్యారు. ఆ ఏడాదే సంస్కృత వ్యాకరణాన్ని పిల్లల మాతృభాష అయిన బెంగాలీలో సులభంగా వివరిస్తూ 'ఉపక్రమణిక' రాశారు. అంతవరకు బ్రాహ్మణ, వైద్య కులాల పిల్లలకే ఉన్న ప్రవేశాన్ని 1851లో కాయస్థులకు, 1854లో మరికొన్ని కులాలకు కల్పించారు. పుస్తకం కష్టమైతే కొందరు బయటే ఉండిపోతారు. తలుపు మూస్తే మరికొందరు బయటే ఉండిపోతారు. ఆయన రెండింటినీ సరిచేయబూనారు.

వర్ణపరిచయం

1855లో ఆయన 'వర్ణపరిచయం' రెండు భాగాలుగా వెలువడింది. బెంగాలీ వాడుకలో అవసరం లేని అక్షరాలను తొలగించి, అచ్చులను 16 నుంచి 12కు తగ్గించారు. ఇక పాఠాల క్రమం గమనించండి:

1. మొదట అక్షరాలు, చిన్న చిన్న పదాలు.
2. తరువాత విశేషణం, నామవాచకం కలిసిన రెండు మాటల జంటలు.
3. ఆపైన పని చేయమని చెప్పే చిన్న వాక్యాలు.
4. అటు తరువాత ఒకే క్రియతో ముగిసే వాక్యాలు.
5. ఆ మెట్లు ఎక్కాకే, పని సాగుతోందని తెలిపే క్రియలు.

ఈ చివరి మెట్టు దగ్గర ఆగండి. పని సాగుతోందని చెప్పే బెంగాలీ క్రియలోనూ, మన 'నడుస్తున్నాడు'లో వలెనే, 'ఉండు' అని అర్థమిచ్చే క్రియ కలిసిపోయి ఉంటుంది. విద్యాసాగర్ అక్కడ సహాయక క్రియ అనే పేరు ఎత్తలేదు, నిర్వచనం ఇవ్వలేదు. కదిలే ఆకులు, ఎగిరే పక్షులు, మేసే ఆవుల వంటి తెలిసిన దృశ్యాలనే ఒకే రకం క్రియలతో వరుసగా చూపారు. నాలుగైదు వాక్యాలు చదివేసరికి పిల్లవాడికి ఆ రూపం పట్టుబడుతుంది. నియమం పేరు పెద్దయ్యాక తెలుసుకోవచ్చు.

బడి బయట ఉన్నవారి కోసం

1855లో ఆయన పాఠశాలల ప్రత్యేక తనిఖీ అధికారి కూడా అయ్యారు. నాలుగు జిల్లాల్లో 20 ఆదర్శ పాఠశాలలు, ఉపాధ్యాయుల శిక్షణకు ఒక నార్మల్ స్కూలు నెలకొల్పారు. 1857-58లో 35 బాలికా పాఠశాలలు తెరిచారు. వాటిలో సుమారు 1,300 మంది చేరారు. ప్రభుత్వం వాటికి నిధులు కొనసాగించడానికి ఒప్పుకోలేదు. 1858లో ఆయన ఉద్యోగం వదిలి, చందాలు పోగుచేసి బడులను నిలిపే ప్రయత్నం చేశారు.

1856 నాటి వితంతు పునర్వివాహ చట్టం వెనుక ఆయన కృషి ఉంది. ఆ బాటలో నడిచిన మన కందుకూరి వీరేశలింగానికి 'దక్షిణదేశ విద్యాసాగరుడు' అన్న పేరు వచ్చింది. చివరి దశలో ఆయన నేటి జార్ఖండ్‌లోని కర్మాటాడ్‌లో సంతాలుల మధ్య చాలాకాలం గడిపారు. అక్కడ వారికి మందులిచ్చారు, పెద్దల కోసం రాత్రిబడి నడిపారు. 1891 జులై 29న కలకత్తాలో కన్నుమూశారు.

మీరు ఏం నేర్చుకున్నారు?

పాఠం నేర్చుకునేవారి కోసం మారాలి. తెలిసినదాని నుంచి తెలియనిదానికి, వాక్యం నుంచి నియమానికి వెళ్లాలి. పగలు పని చేసుకుని సాయంత్రం ఈ పుస్తకం తెరిచిన మీకూ ఇదే పద్ధతి ఉపయోగపడుతుంది.

మీరే చేయండి

1. 'తింటున్నాడు', 'రాస్తున్నాను', 'వస్తున్నారు': వీటిని విడదీసి ప్రధాన క్రియను, సహాయక క్రియను గుర్తించండి.
2. మీ ఇంట్లో ఇప్పుడు జరుగుతున్న నాలుగు పనులను నాలుగు చిన్న వాక్యాల్లో రాయండి. నియమం చెప్పకుండా, వాటిని ఇంట్లోని చిన్నపిల్లల చేత చదివించండి.