డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

మన గోదావరి మండలములలో బోదకాలు నెరుగనివారు లేరు. మురుగు నిలిచిన పట్టణపు పేటలలో క్యూలెక్సు దోమలు పెరుగును. వాని కాటువలన దారపుపోగులవంటి పురుగులు ఒడలిలో జేరి, యేండ్లు గడచిన పిమ్మట కాలు స్తంభమువలె నుబ్బును. రిక్షా త్రొక్కి బ్రదుకువాని కాలు చెడినచో నింటిల్లిపాదికిని కూడు కరవగును. ఈ రోగమునకు నోట మ్రింగదగిన మందును కనుగొన్న పరిశోధకులకు నాయకులై యుండినవారు మన భీమవరమువారే యని మేము చెప్పగా విద్యార్థు లనేకులు నమ్మరైరి.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు, తల్లి వెంకమ్మగారు. రాజమహేంద్రవరమున జదువుచుండగా నింట మరణములు సంభవించి చదువు చెదరెను. మెట్రిక్యులేషను రెండుమారులు తప్పి, మూడవమారు మద్రాసు హిందూ ఉన్నత పాఠశాలనుండి గెలిచిరి. (పరీక్ష తప్పి మొగము చాటుచేయు బాలు రీ వాక్యమును మరల జదువుదురు గాక.)

మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించినందున నొక ఆచార్యుని యాగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్.కు మారుగా తక్కువదగు ఎల్.ఎం.ఎస్. మాత్రమే పొందిరి. స్ప్రూ అను విరేచనముల రోగముచే సోదరు లిరువురు కొద్దిదినముల తేడాతో గతించిరి. తామును అదే రోగమున బడి, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే బ్రదికిరి.

మామగారి సాయముతో 1923లో బోస్టను చేరిరి. రాత్రులు ఆస్పత్రిలో కూలిపని చేయుచు హార్వర్డులో జదివిరి. రక్తములోని భాస్వరమును గొలుచుటకు ఫిస్కుగారితో గూడి 1925లో ప్రకటించిన పద్ధతి నేటికిని వారిరువురి పేర బరగుచున్నది. 1940లో లెడర్లీ మందుల సంస్థలో జేరి, పిమ్మట నచ్చట పరిశోధనకు అధిపతులైరి. 1945లో వారి బృందము ఫోలిక్ ఆమ్లమును తయారుచేసెను. సోదరులను గొనిపోయిన స్ప్రూ రోగమున రక్తహీనతకు అదియే మందయ్యెను. నేడు పేటలలోని గర్భిణులకు ఇనుముతో గలిపి యిచ్చు బిళ్లలో నున్నదియు నదియే.

1947లో బోదవ్యాధికి డి.ఇ.సి. మందు వెలువడెను. మరుసటి యేట ఆగస్టులో, తమ యేబది మూడవ యేట, న్యూయార్కులో నిద్రయందే సుబ్బారావుగారు కన్నుమూసిరి. స్వదేశమును మరల జూడలేదు.

ఆ బిళ్ల వెల స్వల్పము, మ్రింగించుటకు వైద్యశాలయే యక్కరలేదు. అయినను ఉబ్బి గట్టిపడిన కాలు దానిచే సన్నబడదు. కాలు బాగున్నప్పుడే మ్రింగవలెను, చిక్కంతయు నచ్చటనే యున్నది. 2004 మొదలు మన దేశమున రోగమున్న జిల్లాలలో బిళ్లలను ఇంటింట బంచసాగిరి. రోగమే లేదు, మందేలయని కొందరు వానిని గూటిలో బెట్టిరి. ఒడలిలోని పురుగులు చచ్చునపుడు జ్వరము వచ్చుట జూచి మరికొందరు జడిసిరి. అందుచే పంచువారు మంచినీళ్ల చెంబు తెప్పించి, తమ యెదుటనే మ్రింగుడని గుమ్మమున నిలువవలసి వచ్చెను.